ఆటయంత్రముల తరములు – అమ్మకముల లెక్కలు

ఒక దేవాలయమున ఈ యేటి ఉత్సవమునకు వచ్చిన జనమును ఏబది యేండ్ల క్రిందట వచ్చిన జనముతో పోల్చి, భక్తి పెరిగినదనియో తరిగినదనియో తేల్చి చెప్పువారిని మనము చూచుచుందుము. అప్పుడు ఊరి జనాభా వేరు, దారులు వేరు, బండ్లు వేరు. రెండు సంఖ్యలును నిజమే కావచ్చును. వానిని పక్కపక్కన పెట్టి చెప్పిన మాట మాత్రము నిజము కాకపోవచ్చును. ఈ చిక్కు మిక్కిలి స్పష్టముగా కనబడు చరిత్ర ఒకటి ఇటీవలి కాలమున మన కన్నుల యెదుటనే నడచినది. అది టెలివిజనుకు తగిలించి ఆడుకొను వీడియో గేముల యంత్రముల చరిత్ర.

ఈ యంత్రమును కన్సోలు అందురు. 1972 మొదలు నేటి వరకు ఇవి తొమ్మిది తరములుగా వెలువడినవని లెక్క. ఈ తరములను ఏ ప్రభుత్వమును శాసించి ఏర్పరుపలేదు. సుమారు ఒకే కాలమున అంగడికి వచ్చి, ఒకే కొనుగోలుదారుని కొరకు పోటీపడిన యంత్రములను చరిత్ర వ్రాయువారు ఒక తరమని పిలిచిరి. రాజవంశములకు వలె వీనికి గట్టి పొలిమేరలు లేవు. ఒక తరపు యంత్రము అమ్ముడగుచుండగనే తరువాతి తరపు యంత్రము పుట్టును. అయినను, ఏ తరమున ఎవరు గెలిచిరి, ఏ తరము గొప్పది, అను ప్రశ్నలు పుట్టుచునే యుండును. వానికి అందరును చూపు ప్రమాణము అమ్మకముల సంఖ్య.

ఈ సంఖ్యకు ఇంత విలువ యేల వచ్చినది? యంత్రమును అమ్మి లాభము తీయుటకంటె, యంత్రమును ఇంటికి చేర్చి, ఆ మీదట ఆటలను అమ్మి లాభము తీయుట ఈ వర్తకపు కీలకము. కొన్ని కంపెనీలు యంత్రమును నష్టమునకే అమ్మినవి. ఎన్ని యిండ్లలో యంత్రము ఉన్నదో, అన్ని యిండ్లు ఆటలు కొనగల యిండ్లు. ఆటలు తయారుచేయు సంస్థలు ఏ యంత్రము కొరకు పనిచేయవలెనో ఆ సంఖ్యను చూచియే నిర్ణయించుకొనును. కావున ఈ లెక్కలో పొరపాటు జరిగినచో అది కాగితముపైననే నిలువదు. కంపెనీలు మునుగును, వేలమంది జీవనములు తారుమారగును. అట్టివి జరిగినవి కూడ.

మొదటి తరము మిక్కిలి చిన్నది. జర్మనీలో పుట్టి, నాజీల బాధకు 1938లో అమెరికాకు తరలివచ్చిన రాల్ఫ్ బేయర్ అను ఇంజనీరు, టెలివిజనును చూచుటకే గాక ఆడుకొనుటకును వాడవచ్చునని తలచి ఒక పెట్టెను నిర్మించెను. దానిని మాగ్నవాక్స్ కంపెనీ 1972లో ఒడిస్సీ అను పేరుతో అమ్మెను. దానికి శబ్దము లేదు. గెలుపోటముల లెక్కను అది తెరపై చూపదు. రంగులకై తెర మీద ప్లాస్టిక్ కాగితమును అంటించుకొనవలెను. అది సుమారు మూడున్నర లక్షలు అమ్ముడుపోయినది. నేటి కోట్ల పక్కన ఈ సంఖ్య అణువువలె తోచును. కాని అంతకుముందు ఉన్నది సున్న. సున్న నుండి మూడున్నర లక్షలకు ఎక్కిన మెట్టును, పదికోట్ల నుండి పదునైదు కోట్లకు ఎక్కిన మెట్టుతో ఏ త్రాసున తూచగలము?

రెండవ తరమున ఆటను యంత్రము నుండి వేరుచేసిరి. జెర్రీ లాసన్ నాయకత్వమున ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 1976లో తెచ్చిన ఛానల్ ఎఫ్ యంత్రమున కాట్రిడ్జి అను చిన్న పేటికను మార్చినచో ఆట మారును. మరుసటి యేడు, 1977లో, అటారీ కంపెనీ తన యంత్రమును 199 డాలర్లకు తెచ్చెను. ధరల పెరుగుదలను లెక్కించినచో అది నేటి సుమారు వేయి డాలర్లకు సమానము. 1980లో స్పేస్ ఇన్వేడర్స్ అను ఆట ఈ యంత్రమునకు వచ్చిన తరువాత అమ్మకములు ఒక్కసారిగా పైకి లేచినవి. 1992 వరకు అంగడిలో నిలిచిన ఆ యంత్రము మొత్తము సుమారు 3 కోట్లు అమ్ముడుపోయినదని అంచనా.

ఈ పెరుగుదలయే అటారీని మోసగించినది. నిన్నటి సంఖ్యను చూచి రేపటి సంఖ్యను ఊహించి, కంపెనీలు ఆటలను కుప్పలుగా తయారుచేసినవి. నాసిరకపు ఆటలు అంగళ్ళను నింపినవి. కొనువారు విసిగిరి. 1983లో అమెరికాలో ఈ వ్యాపారము కూలినది. ఒకప్పుడు సాలుకు మూడువందల కోట్ల డాలర్లు దాటిన ఆదాయము 1985 నాటికి పదికోట్ల డాలర్ల ప్రాంతమునకు పడిపోయినది. అటారీ ఒక్క 1983లోనే ఏబది కోట్ల డాలర్లకు పైగా నష్టపడినది. అమ్ముడుపోని ఆటలను న్యూ మెక్సికో రాష్ట్రమున అలమగోర్డో ఊరి చెత్తదిబ్బలో పూడ్చిపెట్టిరి. చాలకాలము కట్టుకథయని కొందరు తలచిన ఈ సంగతిని 2014 ఏప్రిల్‌లో త్రవ్వి చూచినప్పుడు సుమారు 1,300 పేటికలు బయటపడినవి. 3 కోట్ల యంత్రములను అమ్మిన కంపెనీ ఓడినదా, గెలిచినదా? మొత్తము సంఖ్యను చూచినచో ఆ తరమున దానికి సాటి లేదు. ఆ సంఖ్య లోపలనే పతనము దాగియున్నది.

మూడవ తరమున విజయము జపానుకు పోయినది. 1889లో క్యోటో నగరమున పేకముక్కలు చేయుటకు పుట్టిన నింటెండో కంపెనీ 1983 జూలైలో ఫామికామ్ అను యంత్రమును తెచ్చెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న మాటను ఆ కంపెనీ పాటించినది. జపానున గెలిచిన తరువాతనే 1985లో న్యూయార్కున పరీక్షగా అమ్మిచూచిరి. వీడియో గేమనగానే భయపడు దుకాణదారులను నమ్మించుటకు దాని రూపును మార్చి, వినోద యంత్రమని పేరుపెట్టి, తోడుగా ఒక చిన్న మరబొమ్మను కూడ ఇచ్చిరి. ప్రపంచమంతట కలిపి ఆ యంత్రము 6 కోట్ల 19 లక్షలు అమ్ముడుపోయినది. ఇందు ఒక్క జపానునందే 1 కోటి 93 లక్షలు. 1990 జనాభా లెక్కల నాటికి ఆ దేశమున కుటుంబములు సుమారు 4 కోట్లు. అనగా ఇంచుమించు రెండు కుటుంబములకు ఒక యంత్రము చొప్పున చేరినది. తరువాత వచ్చిన యంత్రములలో ఇంతకు రెండింతలు అమ్ముడైనవి కలవు. కాని ఒక దేశపు ఇండ్లలోనికి ఇంత లోతుగా దిగినవి అరుదు.

ఈ లెక్కకు వెలుపల మరొక పెద్ద లోకము కలదు. ఫామికామ్‌కు నకళ్ళు ఆసియా యంతట తయారైనవి. రష్యాలో 1992 నుండి డెండీ అను పేరుతో అమ్మినది అట్టి నకలే. 1990ల ప్రాంతమున తెలుగునాట పట్టణముల అంగళ్ళలో టీవీ గేమని అమ్మిన పెట్టెలలో అధికభాగము ఈ జాతివే. వేసవి సెలవులలో ఒక యింటి పెట్టె చుట్టును వీథిలోని పిల్లలందరును మూగి, వంతులు వేసికొని ఆడినవారే. ఆ పిల్లలు మరియో ఆటను ఆడిరి. కాని నింటెండో లెక్కలలో వారు లేరు. అధికారపు సంఖ్య కంపెనీ అమ్మిన దానిని చెప్పును. జనము ఆడిన దానిని చెప్పదు.

నాల్గవ తరమున నింటెండో రెండవ యంత్రమైన సూపర్ ఫామికామ్ 1990లో వచ్చినది. అది 4 కోట్ల 91 లక్షలు అమ్ముడుపోయినది. వెనుకటి దానికంటె 1 కోటి 28 లక్షలు తక్కువ. దీనిని చూచి జనమునకు ఆటలపై మోజు తగ్గినదనుట తొందరపాటు. తగ్గిన 1 కోటి 28 లక్షలలో 1 కోటి 6 లక్షలు ఉత్తర దక్షిణ అమెరికా ఖండములలోనే తగ్గినవి. అక్కడ సేగా కంపెనీ మెగా డ్రైవ్ యంత్రము జెనెసిస్ అను పేరుతో 1989 నుండి బలముగా పోటీకి నిలిచినది. ఆ యంత్రము ప్రపంచమున సుమారు 3 కోట్లు అమ్ముడైనదని అంచనా. ఇరువురి సంఖ్యలను కలిపినచో దాదాపు 8 కోట్లు. ఒక్క కంపెనీ సంఖ్యను మాత్రమే చూచువానికి క్షీణత కనబడును. తరమునంతటిని చూచువానికి పంపకము కనబడును.

ఐదవ తరమున క్రొత్తవాడొకడు ప్రవేశించెను. నింటెండో, సోనీ కంపెనీలు కలిసి సీడీతో నడచు యంత్రమును చేయదలచిన ఒప్పందము 1991లో చెడిపోయినది. సోనీలోని కెన్ కుతరాగి పట్టుదలతో, ఆ కంపెనీ తానే యంత్రమును నిర్మించి 1994 డిసెంబరులో ప్లేస్టేషన్ అను పేరుతో విడుదల చేసినది. 1995లో అమెరికాలో సేగావారి సాటర్న్ వెల 399 డాలర్లు. సోనీ తన వెల 299 డాలర్లని ప్రకటించినది. నింటెండో 1996లో తెచ్చిన యంత్రము కాట్రిడ్జినే పట్టుకొనియుండెను. సీడీ చవుక, అందు ఎక్కువ సరకు పట్టును. ఆటలు చేయువారు ఆ వైపునకు మొగ్గిరి. ప్లేస్టేషన్ 10 కోట్ల 24 లక్షలు, నింటెండో యంత్రము 3 కోట్ల 29 లక్షలు, సాటర్న్ 92 లక్షలు. ఇంటియంత్రములలో పదికోట్లు దాటినది ప్లేస్టేషనే మొదటిది.

ఆరవ తరమున 2000 మార్చిలో వెలువడిన ప్లేస్టేషన్ 2 సంఖ్య 16 కోట్లు దాటినదని సోనీ తెలిపినది. ఇంటియంత్రములలో ఇంతవరకు ఇదియే శిఖరము. ఈ శిఖరమును కొలుచునప్పుడు మూడు సంగతులను జ్ఞప్తియందుంచుకొనవలెను. మొదటిది, అది డీవీడీలను చూపును. సినిమాలకై ఒక యంత్రము, ఆటలకై ఒక యంత్రము కొనవలసిన యిల్లు ఒక్కదానితో సరిపెట్టుకొనినది. రెండవది, దాని వెల 299 డాలర్లతో మొదలై 2009 నాటికి 99 డాలర్లకు దిగినది. మూడవది, దాని ఆయువు. క్రొత్త యంత్రము వచ్చిన పిమ్మట కూడ దానిని 2013 ఆరంభము వరకు తయారుచేసిరి. పండ్రెండేండ్లకు మించి అమ్మిన యంత్రమును ఆరేడేండ్లు అమ్మిన యంత్రముతో పోల్చుట, ముప్పది యేండ్ల కొబ్బరిచెట్టు కాపును పదేండ్ల చెట్టు కాపుతో పోల్చుట వంటిది.

ఆ దీర్ఘాయువునకు మన హైదరాబాదే ఒక సాక్ష్యము. ఆ నగరములోని అరోనా టెక్నాలజీస్ సంస్థ హనుమంతుని కథతో చేసిన ఆటను సోనీ 2009లో విడుదల చేసినది. అప్పటికి ప్లేస్టేషన్ 3 వచ్చి మూడేండ్లు కావచ్చినది. అయినను ఆ ఆటను చేసినది తొమ్మిదేండ్ల నాటి ప్లేస్టేషన్ 2 కొరకు. మన దేశపు ఇండ్లలో కొనగల వెలకు దొరకిన యంత్రము అదియే. పాశ్చాత్య దేశములలో ఒక తరము ముగిసినదని వ్రాయు కాలమున, మన యిండ్లలో అదే తరము ఆరంభదశలో ఉండవచ్చును.

అదే తరమున సేగా నేల కూలినది. 1998 నవంబరులో జపానున విడుదలైన డ్రీమ్‌కాస్ట్ 91 లక్షలు మాత్రమే అమ్ముడైనది. 2001 జనవరి 31న సేగా యంత్రముల తయారీని విరమింతుమని ప్రకటించెను. అధ్యక్షుడైన ఇసావో ఒకావా తనకు రావలసిన అప్పును మాఫీ చేసి, తన వాటాలను కంపెనీకే యిచ్చి, ఆ మార్చిలో మరణించెను. ఆయన యీవి వలన కంపెనీ నిలిచి, ఆటలు చేయు సంస్థగా నేటికిని బ్రతికియున్నది. అమ్మకముల పట్టికలో డ్రీమ్‌కాస్ట్ ఒక చిన్న అంకె. ఆ అంకె వెనుక ఒక కంపెనీ ప్రాణము ఊగిసలాడినది.

ఓడలు బండ్లగుట, బండ్లు ఓడలగుట ఏడవ తరమున మరల కనబడినది. వెనుకటి విజయపు ధైర్యముతో సోనీ 2006 నవంబరులో ప్లేస్టేషన్ 3ను అమెరికాలో 499, 599 డాలర్ల వెలలకు పెట్టెను. ఆ వెలకు కూడ యంత్రపు ఖర్చు గిట్టలేదు. 2007 మార్చితో ముగిసిన సంవత్సరమున సోనీ ఆటల విభాగపు నష్టము 23 వేల కోట్ల యెన్‌లు దాటినది. అదే నెలలో నింటెండో, చేతిని ఊపి ఆడు వీ అను యంత్రమును 249 డాలర్లకు తెచ్చెను. తాతలు, అవ్వలు కూడ టెలివిజను ముందు నిలబడి బంతి విసిరిరి. 2009 మార్చితో ముగిసిన ఒక్క సంవత్సరమున అది 2 కోట్ల 59 లక్షలు అమ్ముడైనది. 2013 మార్చితో ముగిసిన సంవత్సరమున 40 లక్షలకు కూడ చేరలేదు. మొత్తము 10 కోట్ల 16 లక్షలు. ప్లేస్టేషన్ 3 మెల్లగా నడచి 8 కోట్ల 74 లక్షలు దాటినది. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360 సుమారు 8 కోట్ల 40 లక్షలకు చేరినది. వీ వంటిది వరద. ప్లేస్టేషన్ 3 వంటిది కాలువ. సాలు చివర చెరువులో నీటిమట్టము ఇంచుమించు ఒక్కటే. పంటకు అందిన తీరు వేరు.

నింటెండో తన వరదనే ప్రమాణముగా తీసికొని తరువాతి యంత్రమైన వీ యూ కు లెక్కలు వేసికొన్నది. 2014 మార్చితో ముగియు సంవత్సరమున 90 లక్షలు అమ్ముదుమని అంచనా వేసి, జనవరిలో ఆ అంచనాను 28 లక్షలకు తగ్గించినది. అధ్యక్షుడు సతోరు ఇవాటా తన జీతమును ఐదు నెలలపాటు సగమునకు తగ్గించుకొనెను. ఆ యంత్రము కడకు 1 కోటి 35 లక్షల వద్ద ఆగిపోయినది. వీ కొన్న అవ్వలు, తాతలు మరొక యంత్రమును కొనువారు కారు; వారికి ఒక్కటి చాలును. పాత సంఖ్యలో ఎట్టివారు ఉన్నారో విచారింపక, సంఖ్యను మాత్రమే చూచుట వలన కలిగిన పొరపాటిది.

ఇక ఈ సంఖ్యలు ఎట్లు పుట్టునో చూతము. కళ్ళములోని ధాన్యము, గాదెలోని ధాన్యము, కంచములోని అన్నము మూడును ఒకే పంట. కాని కొలతలు వేరు. అట్లే యంత్రమును కర్మాగారము వదలినప్పుడు లెక్కించవచ్చును, దుకాణమునకు చేరినప్పుడు లెక్కించవచ్చును, కొన్నవాని ఇంటికి చేరినప్పుడు లెక్కించవచ్చును. సోనీ మొదటి రెండు ప్లేస్టేషన్ల లెక్కను తయారై బయలుదేరిన వానిని బట్టి చెప్పెడిది. నింటెండో లెక్క దుకాణములకు పంపిన వానిది. మైక్రోసాఫ్ట్ 2015 నుండి యంత్రముల సంఖ్యను చెప్పుటయే మానినది. ఎక్స్‌బాక్స్ 360 యంత్రములు విపరీతముగా చెడిపోగా 2007లో మైక్రోసాఫ్ట్ మరమ్మతులకై వందకోట్ల డాలర్లకు పైగా కేటాయించినది. చెడినదానిని పారవేసి మరొకటి కొన్న యిల్లు లెక్కలో రెండు యిండ్లయినది.

రేడియోలకు లైసెన్సు ఉండిన రోజులు మన పెద్దలకు జ్ఞాపకమే. లైసెన్సుల సంఖ్య రేడియోల సంఖ్యను చెప్పెడిది. శ్రోతల సంఖ్యను చెప్పెడిది కాదు. పంచాయతీ కార్యాలయపు ఒక్క రేడియోను ఊరంతయు వినెడిది. ఆటయంత్రములకును ఇదే న్యాయము. యంత్రము ఇంటికి వచ్చిన తరువాత దానిని ఎంతగా వాడిరో తెలిసికొనుటకు, ఒక్కొక్క యంత్రమునకు ఎన్ని ఆటలు అమ్ముడైనవో చూడవలెను. నింటెండో ప్రకటించిన లెక్కలను భాగించి చూచినచో ఒక చిత్రము బయటపడును. ఫామికామ్‌కు యంత్రము ఒక్కంటికి 8 ఆటలు; 1996 నాటి యంత్రమునకు 7 కన్న కొంచెము తక్కువ. ఆరవ తరమున 2 కోట్ల 17 లక్షలు మాత్రమే అమ్ముడై ఓడినదనిపించుకొన్న గేమ్‌క్యూబ్‌కు 9.6. పదికోట్లు దాటి గెలిచిన వీ కి 9. అందులోను, అనేక దేశములలో యంత్రముతో కలిపియే యిచ్చిన వీ స్పోర్ట్స్ అను ఒక్క ఆట 8 కోట్ల 29 లక్షలు. దానిని తీసివేసినచో 8.3 మాత్రమే. ఓడిన యంత్రమును కొన్నవారు తక్కువమంది. కాని వారు దానిని అటకమీద పెట్టినవారు కారు.

తరముల మొత్తములను కూడినచో మరొక సత్యము కనబడును. ఇంటియంత్రములు ఐదవ తరమున 14 కోట్ల 40 లక్షలు దాటినవి. ఆరవ తరమున గేమ్‌క్యూబును, సుమారు 2 కోట్ల 40 లక్షల మొదటి ఎక్స్‌బాక్సును కలుపగా సుమారు 21 కోట్ల 50 లక్షలు; ఏడవ తరమున 27 కోట్లకు పైగా. ఎనిమిదవ తరమున 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4 సంఖ్య 11 కోట్ల 70 లక్షలు. ఎక్స్‌బాక్స్ వన్ సంఖ్య అందు సగమునకు తక్కువని బ్రెజిల్ అధికారుల ముందు 2022లో మైక్రోసాఫ్టే ఒప్పుకొన్నది. వీ యూ ను చేర్చినను మొత్తము 19 కోట్లకు మించదు. వృద్ధి ఆగి, వెనుకకు తిరిగినదా?

ఇచ్చట 2017 మార్చిలో వచ్చిన నింటెండో స్విచ్ అడ్డు నిలుచును. దానిని టెలివిజనుకు తగిలింపవచ్చును. చేత పట్టుకొని రైలులో ఆడనువచ్చును. 2025 సెప్టెంబరు చివరకు అది 15 కోట్ల 40 లక్షలకు చేరినది. దీనిని ఇంటియంత్రమని కలిపినచో ఎనిమిదవ తరము 34 కోట్లకు చేరి, అన్నిటికంటె గొప్పదగును. చేతియంత్రమని విడిచినచో ఏడవ తరముకంటె చిన్నదగును. ఒక్క పేరు మార్పుతో చరిత్ర పెరుగుదల నుండి తరుగుదలకు తిరుగును. న్యాయముగా పోల్చవలెనన్నచో చేతియంత్రములను రెండు వైపులను కలుపవలెను. ఏడవ తరమున నింటెండో డీఎస్ 15 కోట్ల 40 లక్షలు, సోనీ పీఎస్పీ 7 కోట్ల 60 లక్షలకు పైగా. మొత్తము 50 కోట్లు దాటును. ఎనిమిదవ తరమున స్విచ్‌ను, 7 కోట్ల 59 లక్షల త్రీడీఎస్‌ను కలిపినను 42 కోట్ల ప్రాంతమే; మొత్తమును సోనీ ప్రకటింపని చిన్న యంత్రము వీటాను చేర్చినను ఆ 50 కోట్లను అందుకొనదు. తగ్గినది ప్రధానముగా చేతియంత్రములలో. 2007 తరువాత ప్రతి జేబులోను చేరిన ఫోనే వాని స్థానమును ఆక్రమించినది. ఆడువారు తగ్గలేదు, ఆటకై ప్రత్యేకముగా యంత్రము కొనువారు తగ్గిరి.

వెలల నడక కూడ మారినది. పూర్వము యంత్రము ముదిరిన కొలది వెల దిగెడిది. ఆ దిగుదలయే చివరి కోట్లమందిని, ముఖ్యముగా మన వంటి దేశములవారిని, లెక్కలోనికి తెచ్చెడిది. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5 వెల అయిదేండ్లు కావచ్చిన తరువాత, 2025 ఆగస్టులో, అమెరికాలో 499 నుండి 549 డాలర్లకు పెరిగినది. అదే నెలలో ఎనిమిదేండ్ల ప్రాయపు స్విచ్ వెలయు అక్కడ పెరిగినది. ఇట్టి కాలమున ప్లేస్టేషన్ 2 పదహారు కోట్లను కొలబద్దగా పెట్టి నేటి యంత్రమును నిందించుట సమంజసము కాదు. ఆ సంఖ్యను నింపిన 99 డాలర్ల మెట్టు నేడు లేదు.

కావున తరములను పోల్చరాదని కాదు. పోల్చనిదే చరిత్ర లేదు. అయితే ఒక అంకెతో గాక నాలుగు ప్రశ్నలతో పోల్చవలెను. లెక్క ఎక్కడ వేసిరి – కర్మాగారముననా, ఇంటనా? ఎన్నేండ్ల లెక్క అది? ఏ వెలకు, ఎన్ని యిండ్లున్న లోకమున అమ్మిరి? కొన్నవారు తరువాత ఎన్ని ఆటలు కొనిరి? ఈ నాలుగింటిని అడిగినచో, మూడున్నర లక్షల ఒడిస్సీకిని, 91 లక్షల డ్రీమ్‌కాస్ట్‌కును, పదహారు కోట్ల ప్లేస్టేషన్ 2కును తగిన పీట దొరకును.

2025 జూన్ 5న నింటెండో స్విచ్ 2 విడుదలైనది. నాలుగు దినములలో 35 లక్షలు అమ్ముడైనదని కంపెనీ ప్రకటించినది. అది మిక్కిలి వేగమైన ఆరంభమనుట నిజమే. కాని వీ ఎట్లు పరుగెత్తి ఎట్లు ఆగినదో, ప్లేస్టేషన్ 3 ఎట్లు తడబడి ఎట్లు నడచినదో మనము చూచితిమి. నాలుగు దినముల లెక్క చేతికి వచ్చినది. పండ్రెండేండ్ల లెక్క ఇంకను రావలసియున్నది. ఆ లెక్క వచ్చు నాటికి, నేడు క్రొత్త యంత్రమును కొన్న యింటి పిల్లవాడు పెద్దవాడై, దానిని అటకమీదికి ఎక్కించునో, తమ్మునికి ఇచ్చునో – ఏ పట్టికయు మనకు ముందుగా చెప్పజాలదు.